ఊరితోట యెవరిది?

ఒక యూరి పెంపును గొలుచునపుడు మనము లెక్కించునవి కొన్ని కలవు. బడులెన్ని, ఆసుపత్రులెన్ని, రోడ్ల పొడవెంత, అంగళ్ల సందడి యెంత యని విచారింతుము. ఊరిలో ఎవరును కట్టక విడిచిన నేల యెంత యని అడుగువారరుదు. అట్టి నేల కంటబడినపుడు మన నోట వచ్చు మాట "ఖాళీస్థలము" అనునదే. ఖాళీ యనగా నేటికిని పనికిరాక పడియున్నది, రేపు దేనికో ఒకదానికి వినియోగింపవలసినది యని మన తలంపు. ఈ తలంపు సరియైనదా? పెరుగుచున్న యూరిలో చెట్లనీడకును, పిల్లల యాటకును, ఊరక కూర్చుండుటకును విడిచిన నేల విలాసమా, న్యాయమా? విలాసమైనచో కలిగినపుడు చేసికొందుము, లేనపుడు మానుకొందుము. న్యాయమైనచో దానిని లేకుండ జేయుట బాకీ యెగవేయుట వంటిదగును. ఈ ప్రశ్నను గూర్చి పాఠకులతో కలిసి కొంత యోచింపవలెనని మా సంకల్పము.

మన పెద్దలు సప్తసంతానములని చెప్పినవానిలో వనప్రతిష్ఠ యొకటి. పుత్రునితోను, చెఱువుతోను, దేవాలయముతోను, కావ్యముతోను సమానముగ తోటను సంతానమనుట చిన్న మాట కాదు. కన్నకొడుకు తండ్రి నెఱుగును. తోట యట్లు కాదు. చెట్టు నాటినవాడు దాని నీడను కూర్చుండబోవువాని ముఖము నెఱుగడు. కూర్చుండువాడు నాటినవాని పేరెఱుగడు. ఎఱుగనివానికి చేయు మేలు గనుకనే దానిని పుణ్యమనిరి. అశోకచక్రవర్తి తన స్తంభశాసనమున బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించితిననియు, అవి పశువులకును మనుష్యులకును నీడనిచ్చుననియు, మామిడితోపులు వేయించితిననియు చెప్పుకొనెను. ఆ నీడ యెవరికని చెప్పునపుడు పశువులను ముందుంచి మనుష్యులను వెనుక నుంచుట గమనింపదగినది.

అయినను ఈ పూర్వభావనయం దొక లోపము కలదు. పుణ్యమంతయు ప్రతిష్ఠించినవానిదే, కాపాడువానికి పాలు తక్కువ. నేటికిని మన నడవడి యదియే. వనమహోత్సవమునాడు మొక్క నాటుటకు పెద్దలు పోటీపడుదురు, ఛాయాచిత్రము తీయించుకొందురు. వచ్చు వైశాఖమాసమున ఆ మొక్కకు కడవెడు నీరు పోయుటకు ఒక్కరును కనబడరు. దానము ఒకనాటి పని. ధర్మము ప్రతిదినము చేయవలసిన పని. ఊరితోట దానముతో పుట్టవచ్చును గాని ధర్మముతో గాని బ్రదుకదు.

పల్లెలలో వేఱొక సంప్రదాయము కలదు. రచ్చబండ, రావి వేపల జంట, మందబయలు, చెఱువుగట్టు, ఊరితోపు - ఇవి యొకరి పట్టాలోనివి కావు. పన్నుకట్టని నేలకు పోరంబోకని పేరు. ఆ పేరు నేడు తిట్టుగా మాఱినది. పనిపాటలు లేక తిరుగువానిని పోరంబోకనుచున్నాము. ఉమ్మడినేల విషయమున మన మనస్సెట్లు మాఱినదో ఈ యొక్కమాటయే చెప్పుచున్నది. ఇట్టి నేలల యాక్రమణమును గూర్చి 2011లో సుప్రీంకోర్టు జగపాల్ సింగు అనునతని వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, గ్రామముల ఉమ్మడినేలలను ఆక్రమించినవారి నుండి విడిపించి గ్రామములకు తిరిగి యొప్పగించు పథకములను సిద్ధము చేయుడని అన్ని రాష్ట్రప్రభుత్వములను ఆదేశించెను.

కాని పాతపల్లె ఉమ్మడితనమును మితిమీఱి పొగడుట సత్యము కాదు. రచ్చబండ మీద అందఱును కూర్చుండిరా? ఊరబావి నీరందఱును తోడుకొనిరా? ఉమ్మడి యనుమాటలో ఊరిసగము చేరి, మాలమాదిగ వాడలు వెలుపల నిలిచినవి. స్త్రీలు రచ్చబండను దాటిపోయిరి గాని దానిపై కూర్చుండలేదు. 1923లో బొంబాయి శాసనసభ, ప్రజాధనముతో కట్టిన నీటివనరులను ధర్మశాలలను అస్పృశ్యులనబడువారు వాడుకొనవచ్చునని బోలేగారి తీర్మానము నామోదించెను. మహద్ పురపాలక సంఘము ఆ ననుసరించి తన చవదార్ చెఱువును తెఱచితిమని కాగితము మీద వ్రాసికొనెను. కాగితము మీది చెఱువు దాహము తీర్చదు గనుక, 1927 మార్చి 20వ తేదీన అంబేద్కరుగారు వేలమందితో నడచిపోయి ఆ నీటిని చేతులార త్రాగిరి. తరువాత కొందఱు ఆ చెఱువును "శుద్ధి" చేసిరి. నీరు మలినమైనదని కాదు, తమతో సమానుడు త్రాగెనని.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునేనవ యధికరణమున బావులు, చెఱువులు, స్నానఘట్టములు, బాటలతోపాటు, రాజ్యధనముతో నడచు ప్రజావిహారస్థలములను గూడ పేర్కొని, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము - ఈ కారణముల మాత్రమున ఏ పౌరునికిని వానియందు నిషేధముండరాదని శాసించెను. కాబట్టి పార్కు పల్లెలోని రచ్చబండకు పట్టణపు పేరు మాత్రమే కాదు. రచ్చబండ యియ్యలేనిదానిని ఇచ్చెదనని మాట యిచ్చిన స్థలమది. హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్సుకు పాతపేరు బాగె ఆమ్. బాగనగా తోట, ఆమ్ అనగా సామాన్యులది. పేరులోనే ప్రమాణమున్నది.

ఇక లెక్కకు వత్తము. 2007లో పండ్రెండు పురపాలక సంఘములను, కొన్ని గ్రామపంచాయతీలను చేర్చుకొని హైదరాబాదు మహానగరపాలక సంస్థ యేర్పడెను. 2011 జనాభా లెక్కల నాటికి అందలి ప్రజలు 67 లక్షలకు మించిరి. కేంద్రప్రభుత్వము 2014లో ప్రకటించిన నగరప్రణాళికా మార్గదర్శకముల ప్రకారము మనిషి యొక్కింటికి 10 మొదలు 12 చదరపు మీటర్ల బహిరంగస్థలముండవలెను. పది చదరపు మీటర్లనగా పండ్రెండు చదరపు గజములు. రెండు మంచములు వేసి చుట్టును తిరుగునంత చోటు. అత్యాశ కాదు గదా! ఈ లెక్కన నాటి హైదరాబాదునకు 67 చదరపు కిలోమీటర్లు, అనగా పదునాఱువేల యెకరములకు పైబడి కావలెను. నాటి నగర విస్తీర్ణము సుమారు 650 చదరపు కిలోమీటర్లు గనుక అది పదియవవంతు. లే-అవుటు వేయువారు ప్రజల నిమిత్తము విడువవలసిన నేలకు చిరకాలముగ వాడుకలోనున్న కొలతయు నూటికి పదివంతులే. రెండు లెక్కలు ఒకచోటనే కలియుచున్నవి. లోపము లెక్కలో లేదు.

మఱి యెచ్చటనున్నది? ఆ పదివంతులు కరగిపోవు విధము మనమందఱ మెఱిగినదే. మొదట మంచిచోటును ప్లాట్లకు తీసికొని, గుంటయో, కాలువయొడ్డో, పెద్ద విద్యుత్తీగల క్రిందినేలయో పార్కని నక్షాలో పచ్చరంగు పూయుదురు. పిమ్మట ఒక మూల నీటిటాంకీ వచ్చును. నీరు కావలదా యందురు. ఇంకొకమూల సంఘభవనము వచ్చును. పెండ్లిండ్లు కావలదా యందురు. ఒక రాత్రి చిన్నగుడి వెలయును; దేవుని కాదనువాడెవ్వడు? ఇందేదియు చెడ్డపని కాదు. ప్రతిదానికిని ఒక సత్కారణము కలదు. మన పార్కులు దుష్టులచేతనే కాదు, సత్కారణములచేతను నశించుచున్నవని గ్రహింపవలెను. ఖాళీగా నున్నదన్న యొక్క నెపము చాలును.

ఈ విషయమై 1991లో సుప్రీంకోర్టు చెప్పిన యొక తీర్పు ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది. బెంగుళూరులో ప్రణాళికయందు పార్కునకై విడిచిన స్థలమును ప్రభుత్వము ఒక ప్రయివేటు ధర్మసంస్థకు ఆసుపత్రి కట్టుకొనుట కిచ్చెను. అచ్చటి నివాసులు న్యాయస్థానమున కెక్కిరి. ఆసుపత్రి మంచిదే గదా, రోగులకు మేలు గదా యను వాదము పుట్టెను. న్యాయస్థానము ఆ కేటాయింపును నిలువనియ్యలేదు. పార్కును విడుచుటయే ఒక ప్రజాప్రయోజనమనియు, దానిని మఱియొకరి పాలు చేయు అధికారము పాలకులకు లేదనియు ఆ తీర్పు సారాంశము. నివాసులకు తమ పరిసరములను గూర్చి కోర్టునందు మొఱపెట్టుకొను హక్కు కలదనియు ఒప్పుకొనెను. ఖాళీ యనుకొన్న నేల ఖాళీ కాదని, అది యప్పటికే ఒక పనియందు నియుక్తమై యున్నదని దీని భావము.

ఇంతవరకు చెప్పినది పార్కును హరించుటను గూర్చి. దీనికంటె సూక్ష్మమైనది, మమ్ము మిక్కిలి కలతపెట్టినది, పార్కును బాగుచేయుటను గూర్చినది. ఇచ్చట మా యపరాధమునే చెప్పుకొనవలసియున్నది.

మేము కాపురమున్న హైదరాబాదు కాలనీలో అరయెకరమంత పార్కు కలదు. నడుమ పాతవేపచెట్టొకటి, ప్రక్కల కానుగలు. కొన్నియేండ్ల క్రిందట అది మిగుల హీనస్థితిలో నుండెను. చెత్త, కుక్కలు, రాత్రులయందు త్రాగుబోతులు. కాలనీ సంఘమువారు చందాలెత్తిరి. గోడ లేచెను, నడకబాట పడెను, బెంచీలు వచ్చెను, పచ్చిక పఱచిరి. అందఱును సంతసించితిమి. పిదప, శుభ్రత నిలువవలెనని, ఉదయము అయిదు మొదలు తొమ్మిదివఱకును, సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిదివఱకును మాత్రమే గేటు తెఱచుటకు తీర్మానించితిరి. "తీర్మానించిరి" యని వ్రాయబోయి దిద్దుకొనుచున్నాము: తీర్మానించితిమి. నాడు మేమును చేయెత్తితిమి.

ఆ యేసవిలో ఒక మధ్యాహ్నము ఇంటికి వచ్చుచుండగా, పార్కుగోడ వెలుపల, నిలిపియున్న కారు నీడను ముగ్గురు స్త్రీలు నేలపై కూర్చుండి డబ్బా విప్పుకొని అన్నము తినుచుండిరి. ఇండ్లలో పాచిపని చేసి, ఒక యిల్లు ముగించి మఱియొక యింటికి పోవునడుమ దొరికిన విరామమది. అందొకామె మా యింటికి వచ్చునామెయే. "లోపల కూర్చుండరాదా, ఎండ గదా" అంటిమి. ఆమె తలయెత్తి నిష్ఠూరము లేకుండ, "తాళమేసిన్రు గద సారూ. మీరందరు గలిసే ఏసుకున్నరంట" అనెను. లోపల వేపనీడ ఖాళీబెంచీలపై పడియుండెను.

మేము బదులు చెప్పలేక యింటికి పోతిమి. చాల దినములు ఆ మాట మమ్ము విడువలేదు. పార్కు తెఱచియుండు గంటలయం దెవరు వచ్చుచుండిరి? ఇంటిలో చల్లని గదులును, మిద్దెపై పూలకుండీలును గలవారము మేమే. నీడ యెవరికి మిగుల నవసరమో, ఏ గంటలో నవసరమో, ఆ గంటలోనే, వారికే తాళము పడెను. మేమెవ్వరిని కులము పేర వలదనలేదు. బోర్డుపై వేళలు మాత్రమే వ్రాసితిమి. అయినను ఫలమేమి? మహద్ చెఱువు కాగితము మీద తెఱచి, నిజమున మూసియుండినట్లే మా పార్కును కాగితము మీద అందఱిదై, నిజమున మాదయ్యెను. నిషేధము పలుకక నిషేధించు విద్య మనము నేర్చుకొన్నాము: వేళల చేత, రుసుముల చేత, కావలివాని చూపుచేత.

ఇందుకు ఎదురువాదములు లేకపోలేదు. అవి నిరాధారములు కావు. కట్టుదిట్టము లేనిచో చెత్త చేరును, చెట్లు విఱుగును, రాత్రివేళ స్త్రీలకు భయము కలుగును, ఖర్చెవరు భరింతురు - ఇవి నిజమైన కష్టములే. మేము మఱుసటి సమావేశమున ఈ ప్రస్తావన తెచ్చినపుడు ఇవన్నియు వినవచ్చినవి. వాదప్రతివాదముల పిమ్మట గేటును పగలంతయు తెఱచియుంచి, రాత్రి మాత్రము మూయవలెనని కుదిరెను. కావలివాని యదనపు జీతమును ఇండ్లవారు పంచుకొనిరి. మొదటివారము ఎంగిలాకులు పడినమాట వాస్తవము. రెండు చెత్తబుట్టలు, ఒక నీటికుళాయి పెట్టినపిదప అది చాలవఱకు తగ్గెను. అందఱును సమ్మతింపలేదు, ఇద్దఱు పెద్దలు నేటికిని మాతో ముభావముగనే యున్నారు. గోడ మొక్కలను కాపాడుటకైనచో ఉండవలసినదే. మనుష్యులను ఏరుటకైనచో అది పార్కుగోడ కాదు.

ఇంకొక వాదము మఱింత గంభీరమైనది. ఇండ్లులేని పేదలుండగా తోటలకు నేల విడుచుట న్యాయమా యని కొందఱు దయాళువు లడుగుదురు. యోచించి చూడుడు. ఒంటిగది యింటిలో ఆఱుగురు కాపురముండు కుటుంబమునకు వాకిలి లేదు, పెరడు లేదు, మిద్దె లేదు. పసిపిల్ల నాడించుటకును, ముసలితండ్రి కాళ్లు చాచుటకును, పరీక్షకు చదువుకొను పిల్లవాడు నిశ్శబ్దముగ కూర్చుండుటకును వారికి పార్కే మిగిలిన గది. పెరడున్నవానికి పార్కు ఉల్లాసము. లేనివానికది యింటిలోని భాగము. పేదవానికి ఇల్లిచ్చుట కని పేదవాని పెరడునే తీసికొనుట దయ యనిపించుకొనదు. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలనేకము నీటమునిగినపుడు, వాననీటిని త్రాగు నేల కఱవైన పట్టణమున మొదట మునుగునది పల్లపువాడల బీదవాని గుడిసెయేనని కన్నులార చూచితిమి.

బాగుచేయుటలోని ఈ ప్రమాదము మనకు మాత్రమే కలిగినది కాదు. ఇంగ్లాండులోని బర్కెన్‌హెడ్ పట్టణము 1847లో ప్రజాధనముతో తోట వేసి అందఱికిని తెఱచి, లోకమునకు మార్గము చూపెను. దానిని చూచి ముగ్ధుడైపోయిన ఆమ్‌స్టెడ్ అను అమెరికా దేశస్థుడు, వాక్స్ అను శిల్పితో కలిసి న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కును రూపొందించెను. ధనికుడును దరిద్రుడును ఒక్కచోట నడచుటకై తలపెట్టిన మహోద్యానమది. కాని దానికి నేల సమకూర్చుటకై 1857లో సెనెకా విలేజి యను పల్లెను ఖాళీచేయించిరి. అందు నివసించినవారు సుమారు 225 మంది; అందధికులు నల్లజాతివారు, కొందఱు సొంతభూములు గలవారు. అందఱికొఱకు వేసిన తోట కొందఱి యిండ్లను మ్రింగి మొలచెను. ఉద్దేశము ఉత్తమమైనంత మాత్రమున చేయు పని నిర్దోషము కాదని దీనివలన తెలియుచున్నది. వెలుపలికి పంపబడినవాని నడుగక ఊరిమేలును నిర్ణయింపరాదు.

మఱి యెట్లు నిర్ణయింపవలెను? స్కాట్లండు దేశపు జీవశాస్త్రజ్ఞుడు పాట్రిక్ గెడ్డీసు 1914లో మనదేశమునకు వచ్చి, మదరాసు రాజధానిలోని పట్టణములను గూర్చి 1915లో నివేదికలు వ్రాసెను. ఇండోరు నగరపు నివేదికను 1918లో ప్రకటించెను. ఆయన పద్ధతి సులభమైనది: ముందు నడువుము, చూడుము, పిదప గీయుము. పాతవాడలను పడగొట్టి తిన్నని వెడల్పు రోడ్లు వేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. ఉన్న సందులను శుభ్రపఱచి, పాడుపడిన యొకటి రెండిండ్లచోట చిన్నబయలు విడిచి, అందొక చెట్టు నాటిన ఖర్చు తక్కువ, బాధ తక్కువ, మేలెక్కువ యని ఆయన మతము. ఇండోరులో ఆయన దీపావళికి ఊరేగింపు నేర్పఱచి, ఇండ్లు శుభ్రముగ నుంచుకొన్న వీథుల వెంటనే అది సాగునని చాటించెనట. ఆజ్ఞకంటె ఉత్సాహము ఎక్కువ పని చేయునని మనుష్యస్వభావ మెఱిగినవాడు.

ఈ పద్ధతిని మన పట్టణములకు అన్వయించుకొన్నచో చేయవలసినవి స్పష్టము. ఊరికొక పెద్దతోట కంటె ప్రతివాడకు నడచిపోదగిన దూరమున చిన్నబయలుండుట మేలు. బస్సుకు డబ్బులు లేనివాడు పెద్దతోటకు పోలేడు. పార్కును బాగుచేయుటకు పూర్వము ఉదయమున, మధ్యాహ్నమున, సాయంకాలమున అందెవరు కూర్చుండుచున్నారో, ఎవరు రాలేకున్నారో వ్రాసికొనవలెను. స్త్రీలు రాకున్నచో వారికి ఇష్టము లేదని తలంపక, దీపమున్నదా, మరుగుదొడ్డి యున్నదా, బెంచి నుండి గేటు కనబడునా యని చూడవలెను. వేసవిలో నీటి టాంకరుతో బ్రదుకు పచ్చికకంటె, మూడేండ్లు కాపాడిన తరువాత తన్ను తాను కాపాడుకొను వేప, రావి, కానుగ మేలు. నేలనంతయు రాళ్లతో కప్పక వాననీరింకుటకు గుంతలు విడువవలెను. చందాల లెక్క గేటువద్ద అందఱును చదువునట్లు వ్రేలాడవలెను. ఉద్యానసంఘమున ఇండ్లవారితోపాటు, ఆ యిండ్లలో పనిచేయువారును ఒకరిద్దరుండవలెను. ఈ కడపటిది అన్నిటికంటె తక్కువ ఖర్చుతో నగునది, అన్నిటికంటె కష్టమైనది.

ఊరితోట యెవరిదను ప్రశ్నకు దస్తావేజులు పురపాలక సంఘముదని బదులిచ్చును. రాజ్యాంగము అందఱిదనును. ఈ రెండును సత్యములే గాని, ఏ దినమున కా దినము ఆ సత్యమును నిలుపువాడు గేటు వద్ద నున్నవాడు, అతనికి జీతమిచ్చువారము మనము. ఎవని యనుమతియు నడుగక, ఎవనికిని సమాధానము చెప్పుకొనక, వట్టిచేతులతో వచ్చి కూర్చుండగల చోటు ఊరిలో నొకటైనను ఉన్నప్పుడే ఆ యూరు తన ప్రజలను తనవారుగా నెంచినట్లు. పాఠకులారా, మీ వీథిలోని పార్కునకు ఉదయపు నడకవేళ గాక, ఒకనాడు మిట్టమధ్యాహ్నము రెండు గంటలకు పోయి చూడుడు. గేటు తెఱచియున్నదో లేదో, వెలుపలి గోడనీడ నెవరైన కూర్చుండిరో లేదో చూడుడు. తాళము కనబడినచో ఆ తీర్మానమునకు ఎవరు చేయెత్తిరో విచారింపుడు.